తొమ్మిదో పేజీ సంగ్రామం

సహస్రకిరణుడు మూడు మేడలను అవలీలగా దాటి, నాలుగో మేడ మీది నీళ్ళ ట్యాంకుకు వీపు ఆన్చి కాసేపు అలుపు తీర్చుకుంటున్న వేళ, బస్సులు గుమాస్తాలను కడుపునిండా మింగి భుక్తాయాసంతో మూలుగుతూ కదులుతున్న వేళ, గోడగడియారంలో పొట్టిముల్లు పదిని దాటి పొడుగుముల్లు మూడును చేరిన ఒక గురువారపు పవిత్రముహూర్తాన, బట్టలకు ఆవిరి ఇస్త్రీ చేసే దుకాణానికి సరిగ్గా పైన, చలికాలంలో వెచ్చగానూ ఎండాకాలంలో కుంభీపాకంగానూ వర్ధిల్లే శాఖా గ్రంథాలయం మెట్లను, చంకలో చుట్టిన పోస్టరుతో, భుజాన గుడ్డసంచితో, ఒక మహావీరుడు ఎక్కుతున్నాడు. అతడు చేయబోయే యుద్ధం లాంటిది మునుపు జరగలేదు. జరిగినా ఎవరూ చెప్పుకోలేదు. చెప్పుకోదగ్గంత పెద్దది కాకపోవడమే అందుకు కారణం.

ఎవడా వీరుడు? అపరాధసాహిత్యారణ్యశార్దూలం, ఆరు నవలల కర్త, నలభై మూడు కాల్పనిక హత్యలకు ఏకైక సూత్రధారి, చీకటి సందులకూ మురుగు కాల్వలకూ ఆస్థానకవి, ‘కాళరాత్రి’ అన్న కలంపేరుతో పాఠకలోకాన్ని గడగడలాడించాలని కంకణం కట్టుకున్నవాడు. అట్ట వెనక ఫొటోలో అతడు నల్లకోటు కాలరెత్తి, ఒక కన్ను నీడలో దాచి, లోకంలోని పాపమంతా తనకు తెలిసినట్టు చూస్తుంటాడు. ఇంట్లో మాత్రం రాత్రి తొమ్మిదిన్నరకే దుప్పటి ముసుగు పెడతాడు. బొద్దింక కనబడితే కుర్చీ ఎక్కి భార్యను పిలుస్తాడు. పగలు కళ్ళజోళ్ళ దుకాణంలో ఫ్రేములకు అద్దాలు అమర్చడం అతని వృత్తి. చొక్కాజేబులో చిటికెనవేలంత స్క్రూడ్రైవరు, అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ, ఒక చిన్న స్ప్రే సీసా నిత్యం అతనికి అంగరక్షకులై ఉంటాయి. గురువారం దుకాణానికి సెలవు.

అట్టి వీరుడి గుండెలో ఒక ముల్లు ఉంది. ఆరు నవలలు రాసినా, ఈ భూగోళం మీద ఒక్క ప్రాణినైనా అతడు ఆశ్చర్యపరచలేకపోయాడు. మొదటి నవలలో హంతకుణ్ణి ప్రూఫులు దిద్దేవాడు ఇరవయ్యో పేజీలోనే పట్టేశాడు. రెండోదానిలో హంతకుడెవరో బొమ్మ గీసిన చిత్రకారుడు అట్ట మీదే గీసేశాడు. మూడోదాన్ని శీర్షికే ముంచింది. ఆ అవమానాలన్నీ దిగమింగి, నాలుగు సంవత్సరాలు నిద్రాహారాలలో ఆహారం ఒక్కటీ మానకుండా తపస్సు చేసి, మూడువందల పన్నెండు పేజీల కారునలుపు నగరగాథను అతడు సృష్టించాడు. ఆ ఆరో నవల పేరు ‘మురుగుకింద నగరం’. అందులో హంతకుడు మూడువందల ఒకటో పేజీ దాకా దొరకడు. అయితే ఆ హంతకుణ్ణి సూచించింది భార్యే గనక ఆవిడ ఆశ్చర్యపడే ప్రశ్నే లేదు. ప్రచురణకర్తకు ఏ పుస్తకమైనా ఆఖరి పేజీ నుంచి మొదలుపెట్టే అలవాటు. ఇక మిగిలింది లోకం.

ఆ లోకాన్ని జయించడానికి నెల రోజులుగా అతడు చేయని యత్నం లేదు. టీకొట్ల గోడల మీద, ట్యూషన్ ప్రకటనకూ తప్పిపోయిన పిల్లి ఫొటోకూ మధ్య, నెత్తురోడే పోస్టర్లు అంటించాడు. పిల్లి దొరికింది, పాఠకుడు దొరకలేదు. ఒక పుస్తకాల దుకాణంలో మొదటి అధ్యాయం గొంతు బొంగురు చేసుకుని చదివితే ముగ్గురు విన్నారు: ఒకరు వాన వెలిసేదాకా, ఒకరు తమ కుర్చీలు తిరిగి తీసుకెళ్ళేదాకా, మూడోవారు మేలుకుని ఉన్నంతదాకా.

మిగిలిన ఒకే ఒక ఆశ పేరు గార్డమ్మ.

ముప్పయ్యారు సంవత్సరాలు రైళ్ళ ఆఖరి పెట్టెలో నిలబడి పచ్చజెండా ఊపిన ఆ హరితధ్వజధారిణి, ధూమశకటపృష్ఠభాగాధిష్ఠాత్రి, ఉద్యోగం నుంచి విరమించాక ఈ గ్రంథాలయంలో అపరాధ నవలలన్నిటినీ వరుసబెట్టి చదివేసింది. ఏ నవలలోనైనా నలభయ్యో పేజీకల్లా హంతకుణ్ణి పట్టేస్తుందని ప్రతీతి. చదివిన ప్రతి పుస్తకం వెనక ఉండే కార్డు మీద ఒక్క మాట రాస్తుంది. ఆ ఒక్క మాటను చూసే మిగతా నలభై శాఖల గ్రంథపాలకులు ఆ పుస్తకం తెప్పించాలో వద్దో తేల్చుకుంటారు. ఆవిడ ‘మురుగుకింద నగరం’ తనకోసం అట్టిపెట్టమందనీ, ఆ సాయంత్రం నాలుగింటికి వచ్చి పట్టుకెళ్తుందనీ తెలిసి, వీరుడు తన పోస్టరు అంటించే నెపంతో, అసలు తన పుస్తకం అరలో ఎలా కూర్చుందో కళ్ళారా చూసుకోవడానికి వచ్చాడు.

పుస్తకం దివ్యంగా కూర్చుంది. వీరుడు దాన్ని తీశాడు, నిమిరాడు, వాసన చూశాడు, తెరిచాడు. అది తొమ్మిదో పేజీ దగ్గర తెరుచుకుంది.

ఆ పేజీ పైఅంచున, నీలిసిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో, ఎవరో రాశారు: హంతకుడు ఫలానా.

‘ఫలానా’ అని కాదు. పేరు స్పష్టంగానే రాశారు. కానీ వీరుడు నాలుగేళ్ళు కాపాడిన రహస్యాన్ని ఇక్కడ బయటపెట్టేంత పాపానికి ఈ కథ చెప్పేవాడు ఒడిగట్టడు. కరెక్టుగానే రాశారన్నంత వరకే చెప్పగలడు.

వీరుడి కాళ్ళ కింద నేల జారింది. చెవుల్లో శంఖాలు మోగాయి. నిజానికి అవి కింద ఇస్త్రీ యంత్రం వదిలిన ఆవిరి బుస. పిడుగుపడిన తాటిచెట్టులా నిలబడి, గోడ మీది ‘నిశ్శబ్దం’ బోర్డును గౌరవించి గుసగుసగానే, కానీ గుసగుసలలో ఇంతవరకూ ఎవరూ ఎరగనంత రౌద్రంతో, ఇలా గర్జించాడు:

“ఓరీ నీలాక్షరాధమా, నాలుగు వత్సరములు, మూడువందల పన్నెండు పుటలు, పదునొకండు దొంగ ఆధారములు, ఒక కొయ్యకాలు వెచ్చించి నేను దాచిన రహస్యమును ఒక్క పంక్తిలో వెళ్ళగ్రక్కితివా? నిలువుము. సాయంకాలము నాలుగు గంటలలోపల నిన్నీ పుటపై నామరూపములు లేకుండ జేయకున్న, నేను కాళరాత్రిని కాను, నా కలము కలము కాదు.”

“సార్,” అంది ఒక గొంతు, “ఎవరితోనండీ మాట్లాడుతున్నారు?”

ఆ గొంతు నిశ్శబ్దేశ్వరిది. అనగా గ్రంథపాలకురాలిది. చూపుడువేలు పెదవుల మీదికి ఎత్తినంత మాత్రాన రెండు బెంచీల విద్యార్థులను శిలాప్రతిమలుగా మార్చగల శక్తిమంతురాలు.

“ఎవరితో లేదండీ. పుస్తకం చూస్తున్నా.”

“చూడండి. మెల్లగా చూడండి.”

ఆమె బల్ల వైపు తిరిగింది. వీరుడు కిటికీ పక్క మూలకు చేరి పద్మవ్యూహం పన్నాడు. ఎడమవైపు నిఘంటువులు, కుడివైపు అట్లాసులు, ఎదురుగా విప్పిన దినపత్రిక. సంచిలోంచి మొదటి ఆయుధం తీశాడు. అది శ్వేతరబ్బరఖండం. ఇంకా ఒక మూల కూడా అరగని కొత్తది.

రబ్బరు సిరాను ఢీకొంది. పదిసార్లు, ఇరవైసార్లు, నలభైసార్లు ముందుకూ వెనక్కూ దూకింది. దాని శరీరం పొట్టుపొట్టై రాలింది. ముప్పాతికవంతు నేలకొరిగింది. ఇంత చేసినా సిరా ఒక్క చుక్క వెనక్కి తగ్గలేదు. తగ్గింది కాగితమే. ‘హంతకుడు’ చుట్టూ అది పలచబడి పలచబడి, అవతలి పేజీలో డిటెక్టివ్ తాగుతున్న టీ కనబడసాగింది. ఇంకొక్క రుద్దుకు తొమ్మిదో పేజీకి కిటికీ తెరుచుకోవడం ఖాయమని గ్రహించి, వీరుడు రబ్బరును ఉపసంహరించాడు.

రెండో ఆయుధం స్ప్రే సీసా. ఏ చమురు జిడ్డునైనా, ఏ వేలిముద్రనైనా క్షణంలో అద్దం మీంచి తరిమికొట్టే ఆ ద్రావకాన్ని మనసులో స్మరించి, గురి చూసి, ఒకే ఒక్కసారి నొక్కాడు. ఆహా అనుకునేలోపే ఘోరం జరిగింది. సిరా పోలేదు, పెరిగింది. నీలిమేఘంలా ఉబ్బి, అక్షరం పక్క అక్షరాన్ని కౌగిలించుకుని, మునుపు చిన్నగా ఉన్న హంతకుడు ఇప్పుడు రెండింతలు లావై పదో పేజీలోకీ, అక్కణ్ణించి పదకొండులోకీ చొచ్చుకుపోయాడు. ఆ పేరు చివరనున్న కొమ్ము ఒక్కటి మాత్రం కరిగి మాయమైంది. తక్కినదంతా వీధి చివర నిలబడి కూడా చదువుకోవచ్చు.

అట్లాసుల మీద నీడ పడింది.

“సార్, అది లైబ్రరీ పుస్తకం.”

“మేడమ్, ఇది నేను రాసిన పుస్తకం.”

“రాస్తే రాశారు. రాశాక ఇక్కడికొచ్చింది కదా. పేజీ తడిపారేంటి?”

“ఎవరో హంతకుడి పేరు రాసేశారండీ. తుడుస్తున్నాను. నా దగ్గర కొత్త కాపీ ఉంది. ఇది తీసేసుకుని అది పెట్టుకోండి.”

“కొత్త కాపీ హెడ్డాఫీసుకి పంపాలి. నంబరు పడాలి, స్టాంపు పడాలి, అట్ట వేయాలి. మూడు వారాలు. గార్డుగారేమో నాలుగింటికి వస్తారు.” నిశ్శబ్దేశ్వరి పుస్తకాన్ని వీరుడి చేతుల్లోంచి పసిబిడ్డను తీసుకున్నట్టు తీసుకుంది. “ఇది నా బల్ల మీద ఉంటుంది. మీరు అటు కూర్చుని పేపరు చదువుకోండి.”

ప్రథమసంగ్రామంలో పరాజితుడై, రబ్బరుపొట్టు దులుపుకుంటూ వీరుడు మెట్ల మీద కూలబడ్డాడు. పుస్తకం బందీ కాకముందు ఫోనుతో తీసిన ఆ పేజీ ఫొటోను పెద్దదిగా సాగదీసి, వృత్తిధర్మం కొద్దీ జేబులో ఉన్న భూతద్దం పెట్టి పరీక్షించాడు. మధ్యాహ్నం రెండున్నర దాటాక ‘హ’ మీద అతని చూపు ఆగిపోయింది. దాని తోక టెలిఫోను తీగలా మూడు చుట్లు తిరిగి ఉంది. ఈ సకలచరాచర జగత్తులో ‘హ’కు అలాంటి తోక పెట్టే మనిషి ఒక్కరే. పలక మీద అతనిచేత ‘హ’ దిద్దించిన మనిషి.

సొంత మేనత్త.

ఆవిడ అక్కడికి మూడో భవనంలో, కింది వాటాలో ఉంటుంది. ముప్పయ్యేళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి విరమించింది. వీరుడు సుడిగాలిలా చొరబడేసరికి బల్ల ముందు కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.

“పితృసోదరీ,” అని ప్రారంభించాడు వీరుడు గుమ్మంలోనే చెయ్యెత్తి, “పాలిచ్చిన తల్లికన్న మిన్నగా నన్ను పెంచిన నీ హస్తమే నా కంఠమునకు ఉరిత్రాడగునని ఏ జ్యోతిష్కుడు చెప్పినను నమ్మియుండనే. శత్రువులు కోట బయట నుందురనుకొంటిని. కోటలోనే బఠాణీలు ఒలుచుచున్నారని ఇప్పుడు తెలిసినది.”

“మామూలుగా చెప్పరా బుజ్జీ,” అంది మేనత్త. “పొయ్యి మీద పాలున్నాయి నాకు.”

అతడు ఫోను చూపించాడు. ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుని చూసింది.

“నాదేరా. ఏం, బాలేదా? కొంచెం అలికినట్టుందే.”

“అలికింది నేను. అత్తా, హంతకుడెవరో ముందే ఎందుకు రాశావు?”

“నాకు గుండె దడ కదరా. డాక్టరు ఏమన్నాడు? ఉలిక్కిపడే పనులు వద్దన్నాడు. కానీ నాకేమో ఆ పుస్తకాలే ఇష్టం. అందుకని ముందు ఆఖరి పేజీ చూసేసుకుని, తర్వాత నిమ్మళంగా చదువుకుంటాను. నాలాంటివాళ్ళు ఇంకా ఉంటారు కదా పాపం. వాళ్ళకోసం తొమ్మిదో పేజీలో రాసిపెడతాను. పదకొండేళ్ళుగా రాస్తున్నాను.”

“అన్ని పుస్తకాల్లోనా?”

“అన్నిట్లోనూ. మిగతావాటిల్లో పెన్సిలే. నీది కదా అని పెన్నుతో రాశాను.”

పదకొండేళ్ళ ఆ మహాసేవలో సిరాభిషేకం పొందిన ఏకైక గ్రంథం తనదే. కోపం ఎటు నుంచి మొదలుపెట్టాలో తెలియక అతడు కుర్చీలో కూర్చుని నాలుగు బఠాణీలు తిన్నాడు.

“ఎలా ఉంది అసలు?” అన్నాడు.

“చాలా బాగుందిరా. మురుక్కాల్వలో ఆ కొయ్యకాలు తేలేచోట నాకే, అన్నీ తెలిసినదాన్ని, నాకే దడొచ్చింది. మాత్ర వేసుకున్నా. మళ్ళీ చదివా.”

ఆ మాటతో అతని గుండె సగం కరిగింది. మిగతా సగంతో అతడు గార్డమ్మ సంగతి చెప్పాడు. నలభై శాఖల సంగతి చెప్పాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తన కథ చివర ఒక్క మనిషీ నోరు తెరవలేదని చెప్పాడు. మేనత్త బఠాణీల గిన్నె పక్కకు జరిపింది.

“దాని కింద ఇంకో నాలుగు పేర్లు రాయవే అత్తా,” అన్నాడు. “నీ చేత్తోనే. హంతకుడు వాచ్‌మన్ అని, పళ్ళ డాక్టరని. ఏది నిజమో తెలీకుండా పోతుంది.”

“అబద్ధం రాయమంటావా? ఈ వయసులో?” ఆవిడ ముఖం ముడుచుకుంది. “నా రాత నమ్మి చదివేవాళ్ళున్నారురా. రాయను.”

వీరుడి తల వాలిపోయింది. పాలు పొంగాయి. ఆవిడ వెళ్ళి పొయ్యి కట్టేసి, గరిటె చేతిలో పట్టుకునే వెనక్కి వచ్చింది.

“అబద్ధం రాయనన్నాను గానీ,” అంది, “అడగనని అన్లేదు. ముప్పయ్యేళ్ళు నేను చేసిన ఉద్యోగం అదే. ఎవరండీ? ఎవరు కావాలండీ? ఫలానావారేనా అండీ? అడిగితే అబద్ధం ఎలా అవుతుంది? వాచ్‌మనా, పళ్ళ డాక్టరా అని అడుగుతాను. అంతే.”

“మరి పైన అసలు పేరు రాసేశావు కదా.”

“దాని చివర కొమ్ము నువ్వే చెరిపేశావుగా. అక్కడ ఒక దీర్ఘం పెడితే అదీ ప్రశ్నే అవుతుంది.”

ఏ మహామంత్రి ఏ మహారాజుకు ఏ యుద్ధవేళ ఇంతటి వ్యూహం చెప్పాడు? లక్ష ఏనుగులు చేయలేని పనిని ఒక్క దీర్ఘంతో సాధించవచ్చునని ఏ దండనాయకుడు కనిపెట్టాడు? వీరుడు లేచి మేనత్త కాళ్ళకు నమస్కరించాడు. ఆవిడ గరిటె కింద పెట్టి, చెప్పులు వేసుకుని, మెడలో నీలిపెన్ను తగిలించుకుంది.

మూడుంబావుకు వారిరువురూ రణరంగంలో పునఃప్రవేశించారు.

“అమ్మాయ్,” అంది మేనత్త నిశ్శబ్దేశ్వరితో, “మావాడి పుస్తకం ఒక్కసారి ఇస్తావా? వెనక వాడి ఫొటో ఎలా పడిందో చూస్తాను.”

“మీకైతే ఇస్తానమ్మా. ఆయన చేతికి మాత్రం ఇవ్వకండి. నాలుగింటికి గార్డుగారు వస్తారు.”

నిఘంటువుల కోట మళ్ళీ లేచింది. వీరుడు దినపత్రికను రెక్కలా చాచి కాపలా నిలిచాడు. పత్రిక వెనక మేనత్త ఆసీనురాలై, కళ్ళజోడు ముక్కు కొసకు దించి, మొదటి దీర్ఘాన్ని సంధించింది. నీలిమేఘంలో అది మెరుపుకొమ్మలా నిలిచింది. పక్కనే ప్రశ్నార్థకం కొడవలిలా వంగింది. నాలుగేళ్ళ రహస్యం, గురువారం పొద్దున చచ్చిపోయింది కాస్తా, మూడూ ఇరవై నాలుగుకు మళ్ళీ ఊపిరి పీల్చుకుంది.

“ఇప్పుడు చెప్పు, ఎవరెవర్ని అడగమంటావు?”

“వాచ్‌మన్.”

వాచ్‌మనా?

“పళ్ళ డాక్టరు.”

పళ్ళ డాక్టరా?

“సంగీతం మాస్టరు.”

సంగీతం మాస్ట... అక్కడ పెన్ను ఆగిపోయింది. తుది సమరంలో అంబులపొది ఖాళీ అయినట్టు, నీలిసిరా సరిగ్గా మాస్టరు నడుము దగ్గర ఇంకిపోయింది. మేనత్త విదిలించింది. అరచేతిలో గీసింది. నోటి దగ్గర పెట్టుకుని ఆవిరి ఊదింది. వీరుడు ఒక చేత్తో పత్రిక పట్టుకుని, రెండో చేత్తో జేబులోంచి చిటికెన స్క్రూడ్రైవరు తీసి పెన్నును విప్పాడు. రీఫిల్లును రెండు అరచేతుల మధ్య నిప్పు పుట్టించబోయే మునిలా మథించాడు, అద్దాలు బిగించే నేర్పుతో మళ్ళీ బిగించాడు. గడియారం మూడూ నలభై ఎనిమిది. పెన్ను ఒక్కసారి దగ్గి, సిరా కక్కింది. మాస్టరు పూర్తయ్యాడు. ఇక ఆగలేదు. ఇంటి ఓనరా? ఓనరుగారి కవల తమ్ముడా? మున్సిపల్ ఇంజనీరా? పక్కింటి చిలకా? అసలు చచ్చిపోయినాయనేనా?

ఆఖరి ప్రశ్నార్థకానికి చుక్క పెడుతుండగా దినపత్రిక దానంతటదే కిందికి దిగింది. దాని పైఅంచున నిశ్శబ్దేశ్వరి వేళ్ళు ఉన్నాయి.

“ఏంటిది?”

మేనత్త నోరు తెరిచింది. నిజం చెప్పడం తప్ప ఎరుగని మనిషి. ఇంకో క్షణమైతే పదకొండేళ్ళ చరిత్ర మొత్తం చెప్పేసేది. వీరుడు ఆవిడ చేతిలోని పెన్నును లాక్కుని ఒక అడుగు ముందుకు వేశాడు. నలభై మూడు హత్యల్లో ఒక్కసారీ నేరస్థుణ్ణి క్షమించనివాడు, ఆ రోజు మొదటిసారి నేరస్థురాలిని వెనక దాచాడు.

“నేనే రాశానండీ.”

“మొత్తమా?”

“మొత్తం. పొద్దున ఉన్నది కూడా నేనే.”

“మీ పుస్తకంలో హంతకుడెవరో మీరే రాసి, మీరే తుడిచి, మళ్ళీ మీరే ఇంకో ఎనిమిది మందిని రాశారా?”

“అవునండీ.”

నిశ్శబ్దేశ్వరి అతణ్ణి చూసింది. మేనత్త కుడిచేతి చూపుడువేలికి అంటిన నీలిమరకను చూసింది. తొమ్మిదో పేజీని చూసింది. నిట్టూర్చింది.

“ఆరు నెలలు మీరు ఇక్కడ పుస్తకాలు ముట్టుకోవద్దు సార్. రండి, కూర్చోండి, ఫ్యాను కింద గాలి పోసుకోండి. ముట్టుకోవద్దు.” తర్వాత మేనత్త వైపు తిరిగి గొంతు తగ్గించింది. “మీరు మాత్రం ఇకమీద పెన్సిలే వాడండమ్మా. పెన్సిలైతే గార్డుగారికి ఇచ్చేముందు చెరిపి, ఆవిడ తెచ్చిచ్చాక మళ్ళీ రాస్తాను. పెన్ను పోదు. గుండె జబ్బువాళ్ళు తొమ్మిదో పేజీ ఉందా అని అడిగి మరీ తీసుకెళ్తారు, మీరు మానేస్తే నాకు గొడవ.”

నాలుగు కొట్టింది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. తొందర లేని, ఆలస్యం కాని, సరిగ్గా సమయానికి బయలుదేరి సరిగ్గా సమయానికి చేరే అడుగులు. గార్డమ్మ వచ్చింది. బల్ల దగ్గర నిలబడే పుస్తకం తెరిచింది. అది తొమ్మిదో పేజీ దగ్గరే తెరుచుకుంది. అట్లాసుల వెనక వీరుడు ఊపిరి బిగబట్టాడు.

“తొమ్మండుగురా,” అంది గార్డమ్మ. “ఎవరో నాలాగే ముందే లెక్కలేస్తున్నారు. చిలకంట.” పుస్తకం సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

శుక్ర, శని, ఆదివారాలు మూడు యుగాలై గడిచాయి. దుకాణంలో వీరుడు ఒక పెద్దమనిషి కళ్ళజోడుకు కుడి అద్దం ఎడమకూ ఎడమ అద్దం కుడికీ బిగించాడు. ఆయన మనిషనుకుని అద్దాల బీరువాకు నమస్కారం పెట్టి, తలుపనుకుని దానిలోంచే వెళ్ళబోయాడు. సోమవారం పదకొండున్నరకు, టీ తాగొస్తానని చెప్పి, వీరుడు గ్రంథాలయానికి పరుగెత్తి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, దేన్నీ ముట్టుకోకుండా ఫ్యాను కింద కూర్చున్నాడు.

పదకొండూ నలభైకి గార్డమ్మ పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది.

“ఎలా ఉంది?” అంది నిశ్శబ్దేశ్వరి.

“వాన ఎక్కువైంది. ప్రతి అధ్యాయంలోనూ వానే, ఎప్పుడు ఆరాయో బట్టలు. నూటపన్నెండో పేజీలో ఇరవై రెండు పెట్టెల బండిని పక్క ప్లాట్‌ఫామ్ మీద ఆపాడు. అంత బండి అక్కడ పట్టదు, ఆఖరి నాలుగు పెట్టెలు బయటే ఉంటాయి. ఎవర్నన్నా అడిగి రాయాల్సింది.”

ఒక్కో మాట ఒక్కో బాణమై ఫ్యాను కింద గుచ్చుకుంది. వీరుడు జేబుల్లో పిడికిళ్ళు బిగించాడు.

“హంతకుణ్ణి ఏ పేజీలో పట్టేశారు?”

గార్డమ్మ కార్డు తీసి, పెన్ను మూత తీసి, దాని వైపు కాసేపు చూసింది. తర్వాత ఎప్పుడూ ఒప్పుకోనివాళ్ళు ఒప్పుకునేటప్పుడు వాడే గొంతుతో, కిటికీ వైపు చూస్తూ అంది:

“నేను పళ్ళ డాక్టరనుకున్నా.”

“మీరా?”

“నేనే. మూడొందల పేజీ దాకా పళ్ళ డాక్టరనే అనుకున్నా. మూడొందల ఒకటో పేజీ తిప్పి...” ఆవిడ ఆగింది. “అన్నం చల్లారిపోయింది.”

ఆవిడ కార్డు మీద ‘చదవొచ్చు’ అని రాసింది. పంతొమ్మిదేళ్ళలో ఆవిడ అలా రాసిన పుస్తకాలు ఆరు. ఇది ఏడోది.

వీరుడు లేచి నిలబడ్డాడు. భూనభోంతరాళాలు దద్దరిల్లే విజయఘోష అతని కంఠం దాకా వచ్చింది. నిశ్శబ్దేశ్వరి చూపుడువేలు పెదవుల మీదికి లేచింది. ఘోష వెనక్కి మళ్ళింది. దాన్ని రెండు చేతులతో పొట్ట దగ్గర పట్టుకుని అతడు మెట్లన్నీ దూకి, ఇస్త్రీ దుకాణంలోకి ఉరికి, తెల్లని ఆవిరి మేఘాల మధ్య ఒక ప్యాంటును పరుస్తున్న ఇస్త్రీ మనిషి ఎదుట నిలిచి, చెయ్యెత్తి ఎలుగెత్తాడు:

“అయ్యా, వినుము. దిక్కులారా, వినుడు. ఆమె పళ్ళ డాక్టరనుకొన్నది.”

“టోకెను ఉందా?” అన్నాడు ఇస్త్రీ మనిషి.

టోకెను లేదు. ఉన్నదల్లా కీర్తి. కొయ్యకాలు తేలిన కాల్వ సాక్షిగా, పొట్టుపొట్టై నేలకొరిగిన శ్వేతరబ్బరఖండం సాక్షిగా, ఒక సోమవారం మధ్యాహ్నానికి ఇరవై నిమిషాల ముందు, శాఖా గ్రంథాలయం మొదటి అంతస్తులో, రిటైరైన ఒక రైలు గార్డు, ఒకానొక పళ్ళ డాక్టరును, అతని తప్పేమీ లేకపోయినా, రెండువందల తొంభై పేజీల పాటు అనుమానించింది. జయము జయము.